మోదుగ కాడల మనిషి

శాలివాటిక, కమలా నది ఒడ్డు
వైశాఖ బహుళం

శ్రీవారికి,

మన ఇంటి మూడు హోమాగ్నులూ చల్లగా ఉన్నాయని రాయబోయి నాలుక కరుచుకున్నాను. వెచ్చగానే ఉన్నాయి. రెండు పూటలా మీ తమ్ముడు సోమదత్తుడే పాలు హోమం చేస్తున్నాడు. మీలాగ గొంతెత్తి మంత్రం చెప్పడు, ముక్కులో సణుగుతాడు. మామగారు అరుగు మీద కూర్చునే "ఒరే, దేవతలకి వినపడొద్దుట్రా?" అని కేకలేస్తారు. మీరు లేని లోటు ఇంట్లో ఎక్కువగా వినిపించేది అప్పుడే.

బయల్దేరేటప్పుడు నన్ను నది దాటవద్దని మరీ మరీ చెప్పారు కదా, దాటడం లేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకేసారి పొలిమేర దాటితే హోమాగ్నులు వట్టి పొయ్యిలో నిప్పులైపోతాయని పోయిన అత్తగారు పెళ్ళినాడే నాకు నూరిపోశారు. మీరు దాటారు గనక నేను దాటకూడదు. అవతలి ఒడ్డున మా పుట్టింటి మామిడి కొమ్మలు ఇక్కడికి కనిపిస్తూనే ఉంటాయి. సాయంత్రాలు మా అమ్మ రేవులోకి వచ్చి చెయ్యి ఊపుతుంది, నేనూ ఊపుతాను. మొన్న పడవవాడితో, చెరువుల్లో పండే మఖానా గింజలు వేయించి పంపింది. మీకని సగం దాచాను, తర్వాత నేనే తినేశాను.

ఊళ్ళో అందరికీ మీ ప్రయాణం గురించే ధ్యాస. గోమతి పెద్దమ్మ నిన్న బావి దగ్గర పట్టుకుంది. "ఏవే, నర్మద ఒడ్డున ఆ ముసలి సన్యాసి, ఉన్నదొక్కటే, రెండోది లేదూ, యజ్ఞాలు కట్టిపెట్టండీ అంటున్నాట్ట కదా. బౌద్ధుల మాటలే తెచ్చి వాటికి మన పంచె కట్టి తిప్పుతున్నాడటే! మన ఊరి పిల్లలిద్దరు అప్పుడే ఇళ్ళు వదిలి పోయారు. మీ ఆయన వెళ్ళి ఆయన నోరు మూయించి వస్తాడా?" అంది. "నోరు మూయించడానికి కాదు పెద్దమ్మా, ఆయన చెప్పేదంతా విని, దానికి జవాబు కట్టుకు రమ్మని పెద్దలు పంపారు" అన్నాను. "వినేవాడు వింటూ ఉండిపోతే?" అంది. ఆవిడ నోటికి హద్దు లేదని మీకు తెలుసు.

త్వరగా వినేసి రండి.

మీ సువ్రత

*

నర్మదా తీరం
ఆషాఢ శుద్ధం

ప్రియమైన సువ్రతకు,

బట్టల వర్తకుల బిడారుతో నీ ఉత్తరం అందింది. సోమదత్తుడి సణుగుడు ఇక్కడికి వినిపించినట్టయి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. రోజూ రెండు పూటలా మన ఊరి దిక్కుకు తిరిగి, ప్రవాసంలో ఉన్నవాడు చెప్పుకోవలసిన మాటలు మన అగ్నులకు చెప్పుకుంటున్నాను. నీకూ చెప్పుకుంటున్నాను అనుకో.

ఈ ముసలి ఆచార్యులవారికి పళ్ళు లేవు. భిక్షలో వచ్చిన రొట్టెను నీళ్ళలో నానబెట్టి తింటారు. నేను మొదటి రోజే ఈటెలు నూరుకుని కూర్చున్నాను. వేదం చెయ్యమన్న పని మానితే వేదం ఎందుకు, ఫలం ఎవరిది, చేసేవాడెవడు అని ఊపిరాడకుండా అడిగాను. ఆయన అంతా విని, "నాయనా, కలలో వందమందికి భోజనాలు పెట్టావు. మేలుకున్నాక ఎంగిలి విస్తళ్ళు ఎవరు తీస్తారు?" అన్నారు. నేను నవ్వి, విస్తళ్ళే లేవు కదా అన్నాను. "వడ్డించినవాడు మాత్రం ఉన్నాడా మరి?" అన్నారు.

ఇందులో ఏముంది, పిల్లలకు చెప్పే మాటే అనుకుంటావు. నేనూ అలాగే అనుకుని లేచాను. తీరా రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఏదీ పుట్టలేదు, పుట్టినట్టు కనబడుతోంది అంతే అంటారాయన. దానికి జవాబు మన పల్లెలో ఎవరి దగ్గరా లేదు, నాన్నగారి దగ్గర కూడా. అయినా కంగారుపడకు. బౌద్ధులు అంతా లేదంటారు, ఈయన ఉన్నదొకటి ఉందంటారు. ఆ తేడా పట్టుకుని నాలుగు వానాకాలపు నెలలూ ఇక్కడే విని, తర్వాత బయల్దేరతాను.

ధరణీధరుడు

*

శాలివాటిక
భాద్రపద శుద్ధం

శ్రీవారికి,

మీ ఆచార్యులవారికి నా మాటగా చెప్పండి. ఇక్కడ విస్తళ్ళు నేనే తీస్తున్నాను. నిన్న మామగారి తండ్రిగారి ఆబ్దికానికి పదిమంది భోక్తలు వచ్చారు. ఒక్క విస్తరి కూడా దానంతట అది మాయం కాలేదు. నడుం పట్టేసింది, అది కూడా కల కాదు.

మీ ఉత్తరం మామగారికి చదివి వినిపించాను. "మన పల్లెలో ఎవరి దగ్గరా" అన్న చోట "నాన్నగారి దగ్గర కూడా" అన్న ముక్క మింగేశాను. ఆయన కళ్ళు మూసుకుని విని, "వాడు వినడానికి వెళ్ళాడా, చేరడానికి వెళ్ళాడా?" అని మాత్రం అడిగారు. "వినడానికే మామగారూ" అన్నాను. ఆ పూట ఆయన అటుకులూ పెరుగూ ముట్టలేదు.

కొత్త వడ్లు వస్తున్నాయి. కొత్త బియ్యం అగ్నికి పెట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. దానికి మీరూ నేనూ ఇద్దరం పక్కపక్కన కూర్చోవాలి. ఆ వేళకి ఇల్లు చేరుకోండి. మీరు అక్కడ ఎంత కావాలంటే అంత ఒక్కటిగా ఉండండి. ఇక్కడ పీటలు మాత్రం రెండు వేయాలి.

ఇంకొకటి. మా అమ్మకు జ్వరం పట్టుకుని వదలడం లేదు. నాలుగు రోజులుగా రేవులోకి రాలేదు. మా అన్న పడవలో వచ్చి, "ఒక్క పూట వచ్చి చూసి పోవే, అగ్నులు ఎక్కడికి పోతాయి?" అన్నాడు. "పోతాయిరా, అదే భయం" అన్నాను. మీరు వస్తే, మీరిక్కడ ఉండగా నేను వెళ్ళి వస్తాను. అందుకైనా రండి.

సువ్రత

*

నర్మదా తీరం
కార్తీక శుద్ధం

సువ్రతకు,

కొత్త బియ్యానికి రాలేకపోయాను. దారుల నిండా బురద. నాన్నగారికి సర్ది చెప్పు.

ఒక మాట అడగడానికి రాస్తున్నాను. నిదానంగా చదువు. ఇక్కడ శిష్యుల్లో రెండు రకాలు. ఇంట్లో ఉండి కర్మలు చేసుకుంటూనే ఇది తెలుసుకోవచ్చు అనేవాళ్ళు కొందరు. చేసేవాడు ఉన్నంతకాలం తెలుసుకోవడం లేదు, అన్నీ వదిలితేనే అనేవాళ్ళు కొందరు. ఆచార్యులవారు రెండో మాటే అంటారు. చాలా రోజులు గింజుకున్నాను సువ్రతా. చేత్తో నేతి గరిటె పట్టుకుని, ఇది నేను కాదు, ఇది నాది కాదు అనుకుంటూ అగ్నిలో పోయడం నావల్ల కాదు.

సన్యాసానికి ఇల్లాలి అనుమతి కావాలి. అది లేనిదే చెల్లదు. నీకు తెలియనిది కాదు. నీ మనసు పెద్దది. మనకు పిల్లలు లేరు, నిన్ను సోమదత్తుడు తల్లిలా చూసుకుంటాడు. ఒప్పుకుంటున్నానని రెండు ముక్కలు రాసి ఈ బిడారువాళ్ళకే ఇవ్వు.

మీ అమ్మగారికి నయమయిందని తలుస్తాను.

ధరణీధరుడు

*

శాలివాటిక
పుష్య బహుళం

ధరణీధరులవారికి,

ఒప్పుకోను.

మూడుసార్లు చదివాను, మూడుసార్లూ ఒళ్ళు మండింది. నా మనసు పెద్దదని ఎవరు చెప్పారు మీకు? పదకొండేళ్ళు మీ పక్క పీట మీద కూర్చుని పొగకు కళ్ళు పాడుచేసుకున్నాను. అప్పుడు ఒక్కనాడూ అనలేదే ఆ మాట! పిల్లలు లేరన్న మాట గోమతి పెద్దమ్మ అంటే పడతాను. మీ చేతిరాతలో చదవవలసి వస్తుందనుకోలేదు.

మా అమ్మ పోయింది. కార్తీక పౌర్ణమికి ముందు. చివరి రెండు రోజులూ నన్నే అడిగిందట. మా అన్న అర్ధరాత్రి పడవేసుకుని వచ్చి వాకిట్లో కూలబడ్డాడు. "రావే, రావే, నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. మామగారు లేచి వచ్చారు. వెళ్ళమనలేదు, వద్దనలేదు. అగ్నుల గది వైపు చూశారు, అంతే. నేను వెళ్ళలేదు. మీరు నాకు అప్పజెప్పి వెళ్ళిన మూడు నిప్పుల కోసం వెళ్ళలేదు. తెల్లారి అవతలి ఒడ్డున పొగ లేచింది, ఇటు నుంచి చూశాను. మా అన్న ఇక మా గడప తొక్కనన్నాడు.

ఇప్పుడు మీరు ఆ నిప్పులే వద్దంటున్నారు. ఇంటికి రండి. వచ్చి ఎదురుగా నిలబడి అడగండి.

సువ్రత

*

నర్మదా తీరం
ఫాల్గుణ శుద్ధం

అమ్మా,

సన్యాసులు స్త్రీలందరినీ ఇలాగే పిలవాలి. ఏమీ అనుకోకు. ఇప్పుడు నా పేరు విశ్వబోధుడు.

నీ దగ్గర దాచి ఏం లాభం? నీకు అనుమతి కోసం రాసేనాటికే అయిపోయింది. సన్యాసుల వానాకాలం దీక్ష రెండు నెలలే, భాద్రపద పౌర్ణమికే ముగిసింది. ఆచార్యులవారి ఆరోగ్యం బాగాలేదు, మళ్ళీ అదను దొరకదన్నారు. నది ఒడ్డున నాకు నేనే పిండాలు పెట్టుకున్నాను, జుట్టు తీయించుకున్నాను, మన అగ్నులను మనసులోనే పిలిచి నాలో కలిపేసుకున్నాను. ఇల్లాలు ఒప్పుకుందా అని ఆచార్యులవారు అడిగారు. ఒప్పుకుంటుంది అన్నాను. అది అబద్ధమనుకోలేదు. నువ్వు కాదంటావని నిజంగా నాకు తట్టలేదు.

మీ అమ్మగారి సంగతి చదివాను. నీకు ఊరట కలిగే మాట ఒకటి చెబుతాను. భాద్రపదం నుంచీ ఆ గదిలో ఉన్నవి వట్టి నిప్పులే. వాటి వల్ల నిన్ను కట్టి ఉంచింది ఏదీ లేదు. నువ్వు నది దాటి ఉన్నా ఏ దోషమూ అంటేది కాదు. కనుక అగ్నుల విషయంలో మనసు కష్టపెట్టుకోకు. పుట్టిందీ లేదు, పోయిందీ లేదు అని మీ అమ్మగారి గురించి కూడా అనుకోగలిగితే నీకే తెలుస్తుంది.

విశ్వబోధుడు

*

శాలివాటిక
జ్యేష్ఠ శుద్ధం

ఏమని పిలవాలో తెలియడం లేదు. అందుకే ఏమీ లేకుండా మొదలుపెడుతున్నాను.

మీ ఊరట అందింది. రెండు రోజులు అగ్నుల గది గుమ్మంలో కూర్చున్నాను. వట్టి నిప్పులకు నేను కాపలా కాస్తుంటే అవతలి ఒడ్డున మా అమ్మ నా పేరు పెట్టి పిలిచింది. ఒక్క ఉత్తరం ముందు రాసి ఉంటే ఏం పోయేది మీకు?

మామగారికి చెప్పక తప్పలేదు. "నిన్ను అడిగాడా?" అన్నారు. నేను తల వంచుకుని ఊరుకున్నాను. అడిగారు గానీ జవాబు కోసం ఆగలేదని చెప్పడానికి నోరు రాలేదు. నలుగురిలో అంత చులకన కాలేకపోయాను. ఊరుకుంటే ఒప్పుకున్నాననుకున్నారు.

పెద్దలు వచ్చి కూర్చున్నారు. సన్యాసికి దహనం ఉండదు, ఊరుకోమన్నారు కొందరు. మామగారు వినలేదు. ఆయన్ను నేను అలా ఎప్పుడూ చూడలేదు. "వాడు చచ్చానని వాడే పిండం పెట్టుకున్నాడు. అగ్నులు ఉంచుకున్నవాడు చస్తే ఆ అగ్నులతోనే కాల్చాలి. ఇంట్లో నిప్పు రగులుతోంది, శవమేదీ? దేశాంతరంలో పోయినవాడికి ఏం చేస్తారో అదే చెయ్యండి" అన్నారు. "అన్నయ్య బతికున్నాడు నాన్నా!" అని సోమదత్తుడు ఏడ్చాడు. "ఎవడికిరా?" అన్నారు మామగారు.

మోదుగ కాడలు తెచ్చారు. జింకతోలు పరిచి, దాని మీద చేతులకిన్ని, కాళ్ళకిన్ని, ఛాతీకిన్ని పేర్చి, ఉన్ని దారంతో కట్టి, పిండి పూశారు. తలకు సొరకాయ పెట్టారు. అది ఒక పక్కకు దొర్లుతుంటే సోమదత్తుడు రెండు చేతులా పట్టుకుని సరిచేశాడు. మీరు నిద్రపోతుంటే తల కింద చెయ్యి పెట్టి జరిపేదాన్ని చూడండి, అలాగే. మీ హోమపు గరిటె కుడిచేతిలో పెట్టారు, చిన్నది ముక్కు మీద, పిండి కలిపే పళ్ళెం పొట్ట మీద. మామగారే నిప్పు పెట్టారు. పచ్చి కాడలు, చాలాసేపు కాలలేదు.

నా గాజులు గోమతి పెద్దమ్మ పగలగొట్టింది. ఇప్పుడు నేను కింద పడుకుంటాను. ఒంటిపూట భోజనం. మన నదీతీరంలో బ్రాహ్మలకు చేప కూడనిది కాదు కదా, అది వండిన రోజు విధవను గనక నాకు పెరట్లో ఆకు వేస్తారు. అగ్నుల గదిలో వడ్లు పోస్తున్నారు.

మీకు తెలియాలని రాశాను. జవాబు కోసం కాదు.

సువ్రత

*

కాశి, గంగ ఒడ్డు
మరుసటి యేడు, మార్గశిర శుద్ధం

సువ్రతా,

ఈ పేరుతో పిలవడానికి ఇంత కాలం పట్టింది. నీ ఉత్తరం ఏడాదిన్నరగా నా జోలెలో ఉంది. పారేయలేకపోయాను.

ఆచార్యులవారు పోయారు. ఆయన పోయి నెల తిరక్కుండానే శిష్యులు చీలిపోయారు. ఆయన కూర్చున్న చోట ఎవరు కూర్చోవాలన్నది తగువు. రెండోవాడే లేడని పొద్దున చెప్పినవాళ్ళు, నాకంటే ముందు వీడు ఎలా కూర్చుంటాడని సాయంత్రం కొట్టుకున్నారు. నేనూ ఒక పక్షంలో చేరి గొంతు చించుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. తర్వాత ఎవరికీ కాకుండా పోయి, నడుచుకుంటూ కాశి చేరాను. ఇక్కడ సత్రం గుమ్మాల్లో భిక్ష. జ్వరంలో పడి లేచాను. ఆయన చెప్పింది అబద్ధమని అనను. నాకు అందింది మాటలే. ఆ మాటలు ఆకలికీ చలికీ అడ్డు రావడం లేదు. ఇల్లు జ్ఞాపకం వస్తోంది. పొగ వాసనతో సహా జ్ఞాపకం వస్తోంది.

ఇక్కడ ధర్మం తెలిసిన పెద్దలను అడిగాను. ఒకసారి సన్యాసి అయినవాడు ఇంటికి తిరిగొస్తే వాడికి ప్రాయశ్చిత్తమే లేదు, కుక్క కంటే హీనం. కానీ ఇల్లాలి అనుమతి లేని సన్యాసం అసలు సన్యాసమే కాదు. అంటే నేను ప్రవాసంలో ఉన్న గృహస్థుణ్ణే. పొరపాటున బొమ్మను తగలేశారు, అంతే. అలా కాలినవాడు బతికి తిరిగొస్తే దారి ఉంది. నేతి కుండలో ముంచి తీసి, అప్పుడే పుట్టిన పిల్లవాడికి చేసినవన్నీ చేసి, మళ్ళీ ఆ భార్యతోనే పెళ్ళి జరిపిస్తారు. మళ్ళీ అగ్నులు పెట్టుకోవచ్చు. నీకు గాజులు వస్తాయి, అన్నీ వస్తాయి.

నాన్నగారికి కూడా రాశాను. వాళ్ళు నిన్ను అడుగుతారు. నువ్వు అనుమతి ఇవ్వలేదు. అది నీకూ నాకూ తెలుసు. ఆ ఒక్క నిజం చెప్పు చాలు. మీ అమ్మగారి సంగతి వచ్చాక తీరిగ్గా మాట్లాడుకుందాం.

నీ ధరణీధరుడు

*

శాలివాటిక
మాఘ బహుళం

విశ్వబోధ యతీంద్రులకు,

మీరు మామగారికి రాసిన ఉత్తరం నాకు రాసినదానికంటే రెండు రోజులు ముందే అందింది. ఆయన కర్ర లేకుండా లేచి నిలబడ్డారు. అరుగు దిగి, వీధి పొడుగునా "మావాడు బతికే ఉన్నాడు!" అని అందరికీ చెప్పుకొచ్చారు. మిమ్మల్ని ముంచడానికి నెయ్యి చాలదేమోనని సోమదత్తుడు ఇల్లిల్లూ తిరిగి కుండల్లో పోయించుకొచ్చాడు. వడ్లు తీసి అగ్నుల గది అలికించారు. గోమతి పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "నేను పగలగొట్టిన వాటికంటే మంచివి తొడిగిస్తానే పిల్లా" అని ఏడ్చింది. కాశికి వెళ్ళి మిమ్మల్ని తోడ్కొని రావడానికి సోమదత్తుడు మూట కట్టుకున్నాడు.

మొన్న పెద్దలు మన వాకిట్లో కూర్చుని నన్ను పిలిచారు. మామగారే అడిగారు. "అమ్మా, ఆరోజు నువ్వేమీ అనలేదు, పొరపాటు నాదే. ఇప్పుడు నోరు విప్పి చెప్పు. సన్యాసానికి వాడికి నువ్వు ఒప్పుకోలేదు కదూ?"

"ఒప్పుకున్నాను" అన్నాను.

సోమదత్తుడు నోరు తెరుచుకుని నాకేసి చూశాడు. "ఎప్పుడొప్పుకున్నావే?" అన్నారు మామగారు. "ఆయన అడగగానే. బిడారువాళ్ళతో రాసి పంపాను" అన్నాను. అబద్ధమాడటం ఇంత తేలికని నాకు తెలియదు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచారు. అనుమతితో సన్యసించినవాడికి గృహస్థుల పొలిమేరలో చోటు లేదని తేల్చారు. సోమదత్తుడు మూట విప్పేశాడు.

మీరు ఆశ్చర్యపోతారు. నిజం చెబితే నాకు గాజులు వచ్చేవి, పక్క వచ్చేది, చేప వండిన రోజు అందరితో బంతిలో కూర్చునేదాన్ని. అవన్నీ నాకు కావాలి. ఆశ లేదని అనను. అంతకు ముందు రాత్రంతా ఒప్పుకోలేదన్న మాటే నాలో నేను పదిసార్లు అనుకుని చూశాను. కానీ ఆ మాట వెనక మీరు వస్తారు. వచ్చి నా పక్క పీట మీద కూర్చుని, మా అమ్మ సంగతి తీరిగ్గా మాట్లాడతారు. నాకు మీరు వద్దు. దానికి ఇంతకంటే పెద్ద కారణం వెతికాను, దొరకలేదు.

అందరూ వెళ్ళాక మామగారు అరుగు మీద అలాగే ఉండిపోయారు. పాలు తీసుకెళ్ళాను. ఆయన చెంబు అందుకోలేదు. నేను అబద్ధమాడానని ఆయనకు తెలుసు. కొడుకు మాట కంటే నా మొహమే ఆయన బాగా చదవగలరు. "ఒకసారి వాణ్ణి నేను తగలేశాను. ఇవాళ నువ్వు" అన్నారు.

"మీరు తగలేసింది మోదుగ కాడలు మామగారూ" అన్నాను.

ఇంటి ఆడవాళ్ళు సన్యాసికి రాసేటప్పుడు చివర ఆశీస్సులు కోరాలంటారు. నాకేమీ వద్దు.

సువ్రత